తుప్పు పట్టిన ఎంజీబీకి సిల్స్ మార్పించాం: నా అనుభవం

మా 1972 ఎంజీబీ రోడ్‌స్టర్ (ఎంజీ కంపెనీ చేసిన, గట్టి కప్పులేని పాత బ్రిటిష్ కారు) కుడి తలుపు 2023 సెప్టెంబర్‌లో సరిగా పడటం మానేసింది. కొంచెం ఎత్తి పట్టుకుని నొక్కితేనే లాక్ పడేది. మడత బందులు అరిగిపోయాయేమో అనుకున్నాం. కానీ అదే తలుపు మీద, ముందున్న చిన్న తిప్పుడు అద్దం కింద, రేకు సన్నగా పగిలి ఉంది. తలుపు పై సందు తక్కువగా, కింది సందు ఎక్కువగా కనిపిస్తోంది. ఈ మూడూ కలిసి కనిపిస్తే సంగతి తలుపుది కాదు, బాడీది. ఆ సంవత్సరం మేం నేర్చుకున్న మొదటి విషయం అదే.

మేం ఉండేది ఇంగ్లండ్‌లోని డిడ్కాట్‌లో. ఈ కారు పుట్టిన అబింగ్డన్ మాకు కూతవేటు దూరం. ఫ్యాక్టరీ 1980లో మూతపడినా ఈ చుట్టుపక్కల ఎంజీలు తెలిసిన పనివాళ్ళు ఇంకా ఉన్నారు. అక్టోబర్ మొదట్లో కారుని ఒక చిన్న షెడ్డుకి తీసుకెళ్ళాం. నడిపేది డెబ్భై దాటిన ఒక పెద్దాయన, ఆయన దగ్గర పని నేర్చుకున్న ఒక కుర్రాడు. పెద్దాయన ముందు ఒక అయస్కాంతం తీసి తలుపు కింద పొడవునా నెమ్మదిగా జరుపుతూ వచ్చాడు. నాలుగైదు చోట్ల అది అంటుకోకుండా జారిపోయింది. అంటే అక్కడ పైపైన ఉన్నది పుట్టీ. తర్వాత సీట్ల కింద అడ్డంగా పోయే గట్టి భాగం దగ్గర చెక్క పెట్టి, జాకీతో మెల్లగా ఎత్తాడు. నన్ను తలుపు అంచు దగ్గర నిలబెట్టి సందు చూస్తూ ఉండమన్నాడు. చక్రాలు నేల వదలకముందే సందు కదలడం నా కళ్ళతో చూశాను. గట్టిగా ఉన్న బాడీలో ఆ సందు మారకూడదు. "ఇది మధ్యలో వంగుతోంది, ఇలా నడపకండి" అన్నాడు. ఇంటికి వచ్చేటప్పుడు పాతిక మైళ్ళ వేగం దాటలేదు. దారంతా స్టీరింగూ డాష్‌బోర్డూ సన్నగా వణుకుతూనే ఉన్నాయి. అప్పటిదాకా ఆ వణుకు పాత కారు స్వభావం అనుకునేదాన్ని.

ఆ రాత్రి నాన్నకి వీడియో కాల్ చేశాను. నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్ళకి పైగా లారీ బాడీలు కట్టారు. కింద తీసిన ఫొటోలు చూపించాను. "చాసిస్ ఎక్కడుందమ్మా? అది చూపించు ముందు" అన్నారు. చాసిస్ లేదు నాన్నా, ఈ కారుకి బాడీయే చాసిస్ అన్నాను. కాసేపు మాట్లాడలేదు. ఫొటోలు పెద్దవి చేసి చూసి, "పైన కప్పు కూడా లేదుగా. అయితే ఇది మన నవారు మంచం లాంటిది. బరువంతా పక్కన ఉన్న రెండు పట్టెల మీదే. పట్టె పుచ్చితే కోళ్ళు లోపలికి వాలతాయి. మీ తలుపు పట్టేస్తున్నది అందుకే" అన్నారు. తర్వాత ఇంకో మాట అన్నారు, ఈ మొత్తం పనికి అదే అసలు సూత్రం: "కోసే ముందు కోళ్ళు కదలకుండా కట్టమను. కట్టకుండా కోసేవాడికి మాత్రం కారు ఇవ్వకు."

ఆ పట్టెలే సిల్స్. తలుపు తీసి లోపలికి కాలు పెట్టేటప్పుడు దాటే పొడవాటి భాగం. బయటి నుంచి ఒకే రేకులా కనిపిస్తుంది గానీ, లోపల బయటి సిల్, మధ్యలో నిలువు రేకు, లోపలి సిల్, అడుగున నీళ్ళు కారిపోవడానికి మెట్లు మెట్లుగా వంచిన కాసిల్ రైల్, ఇన్ని ఉన్నాయి. ఇవన్నీ కలిస్తేనే బలం. ఒక్కటి పోయినా మిగతావి ఎక్కువ కాలం ఆగవు.

అక్టోబర్, నవంబర్ నెలల్లో కొటేషన్ల కోసం తిరిగాం. ఒకచోట పాత సిల్ మీదే కొత్త రేకు తొడిగి వెల్డ్ చేసి, రెండు వైపులకీ కలిపి 900 పౌండ్లకి వారంలో ఇస్తామన్నారు. వాళ్ళ పేరు చెప్పను గానీ ఆ పద్ధతి గురించి మాత్రం గట్టిగా చెబుతాను, ఒప్పుకోకండి. లోపలి తుప్పు అలాగే ఉంటుంది, పైగా కనపడకుండా పోతుంది. మా కారుకి ఎవరో పూర్వం చేసింది సరిగ్గా ఇదే. ఇంకొకరు మొత్తం కొత్త బాడీ షెల్, అంటే లోపల ఏమీ బిగించని ఒట్టి బాడీ, కొనుక్కోమన్నారు. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ వాళ్ళు పాత అచ్చులతోనే 1988 నుంచి ఎంజీబీ షెల్స్ మళ్ళీ తయారు చేస్తున్నారు, చాలా మంచి సంగతే. కానీ ఒట్టి షెల్లే పది వేల పౌండ్లు దాటుతుంది. ఆపైన కారు మొత్తం విప్పి మళ్ళీ బిగించే కూలీ.

చివరికి మొదటి పెద్దాయన దగ్గరికే వెళ్ళాం. ఆయన అంచనా 4,350 పౌండ్లు, వ్యాట్‌తో కలిపి. గంటకి 55 పౌండ్ల కూలీ, దాని మీద 20 శాతం వ్యాట్. "ఇది బయటికి కనిపించే దానికి అంచనా. కోశాక ఇంకేం బయటపడుతుందో అప్పుడు ఫోన్ చేసి చెబుతాను. మీరు సరేనంటేనే ముందుకెళ్తాను" అని కాగితం మీద రాసిచ్చాడు. ఆయన మీద నమ్మకం కుదిరింది ఆ కాగితంతోనే. ఖాళీ మాత్రం మార్చి దాకా లేదు. 200 పౌండ్లు అడ్వాన్స్ ఇచ్చి, చలికాలమంతా కారుని గరాజ్‌లో కప్పి పెట్టాం.

ఆ నెలల్లో ఇంట్లో జరిగిన మాటలు రాయకపోతే ఇది సగం అనుభవమే అవుతుంది. కారు కొన్నది 9,000 పౌండ్లకి. అందులో సగం దాని అడుగు భాగానికి పెట్టాలంటే మా ఆయనకి మనసొప్పలేదు. "ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మేద్దాం, వచ్చినంత వస్తుంది" అన్నారు. నాకు అది ససేమిరా ఇష్టం లేదు. మా బాబుకి పదేళ్ళు, వాడు ముందు సీట్లో కూర్చుని పై టాప్ మడిచినప్పుడల్లా చేతులు పైకెత్తి అరుస్తాడు. అమ్మితే కొన్నవాడు పైపైన రేకు తొడిగించి ఇంకొకరికి అమ్ముతాడు, ఆ సీట్లో ఇంకెవరి పిల్లాడో కూర్చుంటాడు. ఈ మాట చెప్పాక ఆయన మరి వాదించలేదు. వేసవిలో ఇండియా ప్రయాణం మానుకున్నాం. ఆ డబ్బు ఇటు వచ్చింది.

2024 మార్చి 11న కారు షెడ్డుకి వెళ్ళింది. మొదటి వారమంతా విప్పడమే. సీట్లు, కార్పెట్లు, పెట్రోల్ ట్యాంకు, సీట్ల వెనక ఉండే రెండు 6 వోల్టుల బ్యాటరీలు, అన్నీ బయటికి వచ్చాయి. వెల్డింగ్ ముందు బ్యాటరీ వైరు పీకితే చాలదు, ఆల్టర్నేటర్ ప్లగ్ కూడా తీసేయాలని అక్కడే తెలిసింది. ఎంజీబీలో ముందు వింగ్స్, అంటే చక్రాల మీద కప్పి ఉండే పక్క రేకులు, బోల్టులతో బిగించి ఉంటాయి, కాబట్టి విప్పొచ్చు. విప్పి తీరాలి కూడా, ఎందుకంటే బయటి సిల్ ముందు కొస వింగ్ లోపలికి వెళ్తుంది. ఎడమ వింగ్ తీసిన రోజు నేను అక్కడే ఉన్నాను. చక్రం వెనక, మట్టి ఆపడానికి పెట్టిన రేకు వెనకాల, బకెట్ నిండేంత ఎండు మట్టి పేరుకుని ఉంది. దాన్ని ఆపాల్సిన రబ్బరు ఎప్పుడో చివికిపోయింది. ఇక్కడ చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు మట్టే ఏళ్ళ తరబడి తడిగా అక్కడే ఉండి రేకుని తినేసింది.

బయటి రేకుని కోసి విప్పినప్పుడు చూసింది ఇంకా కళ్ళ ముందుంది. పైన మన నీలం రంగు. దాని కింద వేలు మందాన పుట్టీ. పుట్టీ కింద తొడిగిన రేకు. ఆ రేకు వెనక నలుపు తారు పూత. అంతా తీశాక అసలు సిల్ ఉండాల్సిన చోట ఎర్రటి పొలుసులు. కుర్రాడు స్క్రూడ్రైవర్‌తో ముట్టుకుంటే పెచ్చులు పెచ్చులుగా రాలింది. మధ్య రేకు కింది సగం అసలు లేదు. ఇన్నాళ్ళూ మేం కూర్చుని తిరిగింది దీని మీదనా అని కాళ్ళు చల్లబడ్డాయి. కోపం కూడా వచ్చింది. తప్పు అని తెలిసే ఎవరో అంత పుట్టీ పెట్టి, సాన పట్టి, రంగేసి అమ్మారు.

అయితే ఇదంతా కోయడానికి ముందు జరిగిన పని గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మొత్తం రిపేరు నిలబడేది దాని మీదే. కారుని గాల్లోకి ఎత్తలేదు. ముందు సస్పెన్షన్ కింద, వెనక ఆక్సిల్ కింద స్టాండ్లు పెట్టారు. అంటే రోడ్డు మీద నిలబడినప్పుడు బరువు ఎక్కడ పడుతుందో అక్కడే పడేలా. నాలుగు మూలలా లెవెల్ చూశారు. తర్వాత తలుపు ఉండే ఖాళీకి అడ్డంగా, తలుపుకి ముందున్న స్తంభం నుంచి వెనకున్న స్తంభానికి చదరపు ఇనుప పైపులు బిగించారు, రెండు వైపులా. మధ్యలో తిప్పితే పొడవు పెరిగే తగ్గే మరలు. కొలిచి చూస్తే కుడి వైపు స్తంభాల మధ్య దూరం పైభాగంలో కొన్ని మిల్లీమీటర్లు తగ్గింది. పెద్దాయన మరని పావు చుట్టు తిప్పడం, తలుపు వేసి చూడటం, మళ్ళీ పావు చుట్టు. మధ్యాహ్నమంతా ఇదే. సాయంత్రానికి తలుపు దానంతట అదే పడింది, ఎత్తి పట్టుకోనక్కర్లేకుండా. ఇంకా ఒక్క రేకూ కోయలేదు, ఒక్క వెల్డూ వేయలేదు. ఆ చప్పుడు వినగానే ఇక ఈ కారు బాగుపడుతుందని నాకు ధైర్యం వచ్చింది. వీడియో తీసి నాన్నకి పంపాను. "పనిమంతుడే" అని వాయిస్ మెసేజ్ వచ్చింది. ఆయన నోట ఆ మాట అంత తేలిగ్గా రాదు.

ఇది చేయకుండా కోస్తే ఏమవుతుందంటే, బాడీ వంగిన తీరులోనే కొత్త సిల్స్ వెల్డ్ అయిపోతాయి. ఆ తర్వాత తలుపు జన్మలో సరిగా పడదు. సరిచేయాలంటే కొత్త సిల్స్ మళ్ళీ కోయడమే. మీరు ఎక్కడ చేయించినా, "అడ్డ కమ్మీలు ఎప్పుడు వేస్తారు, తలుపులు బిగించి ఎన్నిసార్లు చూస్తారు" అని ముందే అడగండి. జవాబు తడబడితే వేరే చోటు చూసుకోండి.

ఏప్రిల్ నెల దాదాపు ఎదురుచూపులకే పోయింది. అసలు అచ్చులతో చేసిన సిల్ ఎడమ వైపుది దొరికింది, కుడి వైపుది స్టాక్ లేదు. వేరే తయారీవి వెంటనే వచ్చేవి, కొంచెం చవక కూడా. పెద్దాయన ఒకటి తెచ్చి పెట్టి చూపించాడు. తలుపు కింద వంపు కలవలేదు. దాన్ని సరిచేసే కూలీతో పోలిస్తే మిగిలేది ఏమీ ఉండదన్నాడు. ఆగాం. సిల్ ఒక్కోటి వంద పౌండ్లకి అటూ ఇటూ. ఈ పనిలో రేకుల ఖర్చు ఎప్పుడూ చిన్నదే, గంటలే పెద్దవి.

మే మొదట్లో ఫోన్ వచ్చింది. ఎడమ వైపు ముందు స్తంభం అడుగు, ఫ్లోర్ అంచు, వెనక స్ప్రింగు ముందు కొస బిగించే చోటు, మూడూ పాడయ్యాయట. ఆఖరిది వింటే భయమేసింది. వెనక చక్రాన్ని పట్టి ఉంచేదే ఆ స్ప్రింగు. ఆయన ఫొటోలు పంపి, గంటలు లెక్క కట్టి, సరేనంటారా అని అడిగాడు. సరేనన్నాం. అక్కడి దాకా వచ్చాక వేరే దారి కూడా లేదు.

వెల్డింగ్ ఒక్కో వైపు విడిగా జరిగింది. ఎడమ వైపు పూర్తయి తలుపు సరిగ్గా పడ్డాకే కుడి వైపు ముట్టుకున్నారు. కాసిల్ రైల్, లోపలి సిల్, మధ్య రేకు వరుసగా లోపలి నుంచి బయటికి. బయటి సిల్ వంతు వచ్చేసరికి దాన్ని క్లాంపులతో పట్టి ఉంచి, తలుపు తగిలించి, ముందు వింగ్ బిగించి, సందులు చూసి, మళ్ళీ అన్నీ విప్పి, అప్పుడు వెల్డ్ చేశారు. ఫ్యాక్టరీలో స్పాట్ వెల్డ్ (చుక్కలు చుక్కలుగా వేసే అతుకు) ఉన్న చోటల్లా కొత్త రేకు అంచుకి కన్నాలు వేసి, ఆ కన్నాల్లో మిగ్ వెల్డ్ (తీగ కరిగించి వేసే వెల్డ్) నింపారు. ఒకచోట నాలుగు వేసి, కారు అవతలి కొసకి వెళ్ళి నాలుగు వేసేవాళ్ళు, వేడికి రేకు మెలి తిరగకుండా. పాత తారు పూత కాలి పొగ వస్తుంది, మంట కూడా అంటుకుంటుంది. అందుకే ఒకరు వెల్డ్ చేస్తుంటే ఇంకొకరు తడి గుడ్డ, నీళ్ళ స్ప్రే పట్టుకుని అవతలి వైపు నిలబడేవాళ్ళు. ఇంట్లో సొంతంగా చేద్దామనుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి, ఒక్కరే చేసే పని కాదు.

కుడి వైపు సిల్ జూన్ చివర్లో వచ్చింది. జూలై మూడో వారానికి వెల్డింగ్ అయిపోయింది. అడ్డ కమ్మీలు తీసే రోజు పొద్దున్నుంచీ నాకు కడుపులో ఒకటే టెన్షన్. మరలు వదులు చేసి కమ్మీలు బయటికి తీశారు. పెద్దాయన ప్లాస్టిక్ గేజ్‌తో సందు పొడవునా చూశాడు. పై నుంచి కింద దాకా నాలుగున్నర మిల్లీమీటర్లకి అటూ ఇటూ. మళ్ళీ జాకీ పెట్టి ఎత్తాడు. ఈసారి సందు కదల్లేదు. నన్ను చూసి నవ్వాడు. నేను మాత్రం ఏడ్చేశాను.

బిల్లు 7,200 పౌండ్లు. అందులో కూలీ 4,950, సామాన్లు 1,050, మిగతాది వ్యాట్. మొదటి అంచనాకి ఒకటిన్నర రెట్ల కన్నా ఎక్కువ. ఈ కార్లకి అంచనా ఎంత చెబితే దానికి సగం కలిపి చేతిలో ఉంచుకోండి, లేకపోతే సగం కోసిన కారు పక్కన డబ్బు కోసం వెతుక్కోవాల్సి వస్తుంది. అది చాలా ఇబ్బందైన చోటు.

రంగుకి వేరే పెయింటర్, 1,300 పౌండ్లు. ఇక్కడ ఒక మంచి విషయం కలిసొచ్చింది. ఎంజీబీ పక్కల పొడవునా క్రోమ్ పట్టీ ఒకటి ఉంటుంది. కొత్త రంగు దాని కింది వరకే వేసి ఆపితే, పాత రంగుకీ కొత్త రంగుకీ ఉన్న తేడా ఆ పట్టీ దగ్గర కలిసిపోతుంది. మొత్తం కారుకి రంగు వేయించే ఖర్చు తప్పింది. మా కారు రంగు టీల్ బ్లూ, దాని ఫ్యాక్టరీ కోడ్ ప్రకారం కలిపినా యాభై ఏళ్ళ ఎండకి వెలిసిన రంగుతో కలవదు కాబట్టి, అతను పాత రంగుని పాలిష్ చేసి, దాన్ని చూస్తూ కలిపాడు. సిల్స్ మీద రాళ్ళు తగిలినా పెచ్చు లేవని పూత ముందు వేశాడు.

రంగు ఆరాక సెప్టెంబర్‌లో సిల్స్ లోపల తుప్పు పట్టకుండా వ్యాక్స్ (మైనం) కొట్టించాం. పొడుగాటి సన్నని గొట్టం కొసన నాజిల్ పెట్టి, లోపలంతా పొగలా పడేలా కొడతారు. కాసిల్ రైల్ మెట్ల సందుల్లోంచి వ్యాక్స్ బొట్లు బొట్లుగా కారితే అది లోపలంతా చేరినట్టు. కారడం ఆగాక ఆ సందులు మూసుకుపోకుండా తీగతో పొడిచి తెరవాలి. ఇది మర్చిపోతే నీళ్ళు లోపలే నిలుస్తాయి, పడిన శ్రమంతా వృథా. మొదటి రెండు వారాలు గరాజ్‌లో నేలంతా జిడ్డే, కింద అట్టముక్కలు పరుచుకోండి.

ఇక్కడ నలభై ఏళ్ళు దాటిన, పెద్దగా మార్పులు చేయని బళ్ళకి 2018 మే నుంచి ఎంఓటీ పరీక్ష (బండి రోడ్డు మీద తిరగడానికి క్షేమంగా ఉందో లేదో ఏటా చూసేది) తప్పనిసరి కాదు. అయినా అడిగి చేయించాం, అప్పట్లో ఫీజు 54.85 పౌండ్లకి మించేది కాదు. వెల్డింగ్ చేయని మూడో మనిషి ఒకరు కింద దూరి చూడటం నాకు కావాలి. సీట్ బెల్టు బిగించే చోట్లకి 30 సెంటీమీటర్ల లోపు బలం తగ్గేంత తుప్పు ఉంటే ఆ పరీక్షలో పోతుంది. అతను సుత్తితో తడుతూ సిల్ పొడవునా వెళ్ళాడు. అంతటా ఒకే గట్టి చప్పుడు. పాస్ అయింది.

అక్టోబర్ 5, శనివారం, మొదటి ప్రయాణం. మా ఆయన నడిపారు, నేను పక్కన. ఏడాది కిందట నెమ్మదిగా వచ్చిన అదే గుంతల రోడ్డు మీద డాష్‌బోర్డ్ మీద చెయ్యి పెట్టి చూశాను. కప్పులేని కారు కాబట్టి కాస్త అదురు ఉంది, ఉంటుంది. పాత వణుకు లేదు. మలుపులో స్టీరింగ్ తిప్పితే కారు ముందూ వెనకా ఒకేసారి తిరుగుతోంది. ఇంతకుముందు వెనక భాగం ఒక క్షణం ఆలస్యంగా వచ్చేదని, ఇప్పుడు అది లేనందుకే తెలిసింది. ఆయన ఏమీ అనలేదు గానీ ఇంటికి రావాల్సిన మలుపు దాటేసి ఇంకో పది మైళ్ళు తిప్పారు.

ఇన్సూరెన్స్ సంగతి కూడా చెప్పాలి. మా పాలసీలో కారు విలువ ముందే ఒప్పుకుని రాసుకునే పద్ధతి. పాత విలువ కొన్న ధర మీద ఉంది. షెడ్డులో కుర్రాడు ప్రతి దశలో తీసిన ఫొటోలు, బిల్లులు, ఎంఓటీ కాగితం పంపితే, మూడు వారాల్లో విలువ పెంచి కొత్త కాగితం ఇచ్చారు. సిల్ మూసేశాక లోపలి పని ఎవరికీ కనపడదు, కాబట్టి మధ్య రేకు వేసిన రోజు, బయటి రేకు వేసే ముందు, తేదీ పడేలా ఫొటోలు తప్పకుండా తీయించుకోండి. రేపు అమ్మాలన్నా ఆ ఫొటోలే సాక్ష్యం. మేం అమ్మేది లేదు. డిసెంబర్ నుంచి రోడ్ల మీద ఉప్పు పోయేదాకా కారు బయటికి తీయం, వ్యాక్స్ రెండేళ్ళకొకసారి మళ్ళీ కొట్టిస్తాం.